ఆపిల్ చెట్టు వెనక రాతి ఇల్లు

ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో, గ్రాంథమ్ పట్టణానికి దక్షిణంగా పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో వూల్స్‌థార్ప్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడికి వెళ్లిన వాళ్లలో చాలామంది గేటు దాటగానే అడిగే మొదటి ప్రశ్న, చెట్టెక్కడ అని. ఇంటి ముందు తోటలో, చుట్టూ దడి కట్టి కాపాడుకుంటున్న ఒక వంకర మాను దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఐజాక్ న్యూటన్ ఆలోచనకు నిప్పు రాజేసిందని చెప్పే ఆపిల్ చెట్టు అదే. 1820లో గాలివానకు పడిపోయింది. పడ్డ మాను మళ్లీ వేరూని చిగురించింది. కాసే కాయ ‘ఫ్లవర్ ఆఫ్ కెంట్’ అనే రకం. కొరుక్కుని తినడానికి కంటే వండుకోవడానికే పనికొస్తుంది.

చెట్టు గురించి చెప్పుకోవడానికి అంతకుమించి పెద్దగా లేదు. దాని వెనకున్న ఇంటి గురించి చెప్పుకోవడానికి మాత్రం చాలా ఉంది. తేనె రంగుకూ బూడిద రంగుకూ మధ్య ఉండే సున్నపురాయి గోడలు, నిటారుగా వాలిన కప్పు, రాతి నిలువు కమ్ముల కిటికీలు. రెండంతస్తులు, పైన అటక. చూడగానే అబ్బో అనిపించే కట్టడం కాదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో కాస్త కలిగిన రైతు ఎలాంటి ఇల్లు కట్టుకునేవాడో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. న్యూటన్ పుట్టడం వల్ల ఇది కూలగొట్టకుండా మిగిలింది. ఇలాంటివే ఇంకెన్నో పేరు లేకుండా పోయాయి.

పేరులో ‘మేనర్’ అని ఉండటం చూసి జమీందారీ బంగళా అనుకుంటే పొరపాటు. మేనర్ అంటే ఊరి మీద కొన్ని పాత హక్కులు, చిన్న తగాదాలు తీర్చే ఒక కోర్టు, వాటితో పాటు వచ్చే కాస్త పరువు. న్యూటన్ తాత రాబర్ట్ 1623లో ఆ హక్కును కొన్నాడు. 1639లో కొడుకు ఐజాక్‌కూ, కాబోయే కోడలు హన్నాకూ రాసిచ్చాడు. వీళ్లను అక్కడ ‘యోమన్’ రైతులు అనేవారు. కూలివాడి కంటే చాలా పైన, ప్రభువర్గం కంటే ఒక మెట్టు కింద. న్యూటన్ తండ్రి అయిన ఆ కొడుకు ఐజాక్‌కు సంతకం పెట్టడం కూడా రాదు. బిడ్డ పుట్టడానికి మూడు నెలల ముందే, 1642 అక్టోబరులో చనిపోయాడు. తర్వాత రాసిన ఆస్తి జాబితాలో 234 గొర్రెలు, 46 పశువులు, కొట్టాల నిండా ధాన్యం, గడ్డి ఉన్నాయి. ఆ రోజుల్లో సామాన్య రైతుకు ముప్పై నలభై గొర్రెలుంటే గొప్ప. ఈ గోడల్లో రాళ్లు పేర్చిన కూలి డబ్బు ఎక్కడిదో ఆ మందను చూస్తే తెలుస్తుంది.

ఇక రాయి. ఇంగ్లండు పటం మీద నైరుతిన డోర్సెట్ సముద్రతీరం నుంచి ఈశాన్యాన యార్క్‌షైర్ దాకా ఒక వాలు గీత గీస్తే, దాని వెంటే జురాసిక్ కాలపు సున్నపురాయి పట్టీ ఒకటి పోతుంది. దాదాపు 17 కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చటి, లోతు తక్కువ సముద్రం ఉండేది. అలల్లో దొర్లుతున్న చిన్న చిన్న గవ్వముక్కల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని గుండ్రటి గింజలయ్యాయి. ఆ గింజలన్నీ అతుక్కుని రాయి అయ్యాయి. విరిచిన ముక్కను దగ్గరగా పెట్టి చూస్తే చేపగుడ్ల ముద్దలా కనిపిస్తుంది.

ఆ పట్టీ మీదున్న ఊళ్లన్నీ రాతి ఊళ్లు. అది దాటి కొన్ని మైళ్లు పోతే మట్టిగోడలు, కర్రచట్రాల ఇళ్లు, తర్వాతి కాలపు ఇటుక. కారణం అభిరుచి ఎంతమాత్రం కాదు, బండి కిరాయి. గుంతల దారిలో ఎడ్లబండి మీద నాలుగు ఊళ్లు దాటించేసరికి రాయి ధర కంటే మోత ఖర్చు ఎక్కువయ్యేది. రాజులు, చర్చిలు, కాలేజీలు మాత్రమే దూరం నుంచి తెప్పించుకోగలిగేవి. రైతు తన పొలం పక్క గనిలోదే తవ్వుకునేవాడు. వూల్స్‌థార్ప్ చుట్టుపక్కల ఆంకాస్టర్, క్లిప్‌షమ్, కెటన్ లాంటి పేరున్న గనులు ఉన్నాయి. న్యూటన్ తర్వాత చదివిన, పాఠాలు చెప్పిన కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో క్రిస్టఫర్ రెన్ కట్టిన లైబ్రరీ కెటన్ రాయిదే. పుట్టిన రైతు ఇల్లూ, చదువుల కాలేజీ లైబ్రరీ ఒకే సముద్రగర్భం నుంచి వచ్చాయన్నమాట. ఒకటి ఉన్నరాయిని ఉన్నట్టు పేర్చింది. రెండోది నునుపుగా చెక్కి, స్తంభాలు నిలిపింది.

ఉన్నరాయిని ఉన్నట్టు పేర్చడం తేలికేమీ కాదు. ఇలాంటి ఇళ్ల గోడ నిజానికి రెండు గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస కట్టుకుంటూ పోతారు. మధ్య సందులో ముక్కరాళ్లు, సున్నం కూరతారు. అక్కడక్కడా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్లే పొడుగాటి రాయి ఒకటి పెట్టి రెంటినీ కట్టిపడేస్తారు. అది లేకపోతే కొన్నేళ్లకు గోడ కడుపు ఉబ్బుతుంది. మొత్తం మందం అర మీటరుకు తక్కువ ఉండదు. గనిలో ఏ పొర అడ్డంగా పడుకుని ఉందో గోడలోనూ రాయి అలాగే పడుకోవాలి. నిలబెడితే మంచుకాలంలో పొరలు రేకులు రేకులుగా రాలిపోతాయి. ఈ సంగతి మేస్త్రీకి రాయిని చేతిలోకి తీసుకోగానే తెలియాలి.

డబ్బు ఖర్చుపెట్టేది మూలల దగ్గర, ద్వారాల దగ్గర. గోడలో గరుకురాయి, మూలమలుపుల్లో పెద్దపెద్ద చెక్కుడురాళ్లు, కిటికీలకు చెక్కిన చట్రాలు. బలం అవసరమైంది అక్కడే, అందరి కళ్లూ పడేదీ అక్కడే. వూల్స్‌థార్ప్ ఇంటి ముఖద్వారం మీద ఒక రాతిపలకలో రెండు ఎముకలు అడ్డంగా చెక్కి ఉంటాయి. కొత్తవాళ్లు చూసి ఉలిక్కిపడతారు. అది న్యూటన్ల వంశచిహ్నం.

ఈ రాయికి ఇంకో గుణం ఉంది. గని నుంచి తీసిన కొత్తలో తడితో మెత్తగా ఉంటుంది. ఆరేకొద్దీ పైన గట్టిపొర కడుతుంది. ఆరిన తర్వాత కూడా చాకు మొన దిగనంత మొండిది కాదు. కుర్ర ఐజాక్ దాన్ని బాగా వాడుకున్నాడు. ఇంటి గోడల మీద ఎండగడియారాలు చెక్కాడు. గోడ మీద నీడ ఏ రోజు ఎంత జరిగిందో చూసుకుంటూ గీతలు పెట్టాడు. వాటిలో రెండింటిని తర్వాత గోడలోంచి ఊడదీసి భద్రపరిచారు. ఒకటి 1844లో రాయల్ సొసైటీకి చేరింది. రెండోది పక్కనే కోల్‌స్టర్‌వర్త్ చర్చిలో ఉంది. తొమ్మిదేళ్ల వయసులో చాకుతో చెక్కాడని దాని గురించి చెప్తారు. చర్చి వాళ్లు దాన్ని గోడలో తలకిందులుగా బిగించారు. ఎండ తగలని చోట, అదీ తలకిందులుగా ఉన్న ఎండగడియారం! పవిత్రస్థలంలో పెడితే చాలనుకున్నారు కాబోలు.

లోపలి అమరిక అర్థం కావాలంటే పొగ గురించి చెప్పుకోవాలి. అంతకు ముందు తరాల ఇంగ్లీషు ఇళ్లలో నడిమధ్యన పెద్ద హాలు, నేల మీద నెగడు. పైన అంతస్తు ఉండేది కాదు. పొగ వాసాల మధ్య తిరిగి తిరిగి, కప్పు సందుల్లోంచి బయటపడేది. అందరూ ఆ మంట చుట్టే తినడం, పడుకోవడం. పదహారో శతాబ్దం చివర్లో గోడకు ఆనించి పొయ్యి, దానిమీద రాతి పొగగొట్టం కట్టడం రైతుల ఇళ్లకూ వచ్చింది. పొగకు దారి దొరకడంతో హాలు నెత్తిన దూలాలు వేసి, పైన పడకగదులు కట్టుకోవడం వీలైంది. ఎసెక్స్ చర్చిలో పనిచేసిన విలియం హారిసన్ 1577లో అచ్చయిన తన రచనలో, తమ కాలంలో చూసిన వింత మార్పుల్లో ఒకటిగా పొగగొట్టాలు పెరగడాన్ని ఊళ్లో ముసలివాళ్లు చెప్పుకుంటారని రాశాడు. చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హోస్కిన్స్ 1953లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 1570 నుంచి 1640 దాకా నడిచిన ఈ కట్టుబడి జోరుకు ‘మహా పునర్నిర్మాణం’ అని పేరుపెట్టాడు. ఆ తేదీలు ప్రాంతాన్ని బట్టి ముందూ వెనకా అవుతాయని తర్వాతి పరిశోధకులు సవరించారు. వూల్స్‌థార్ప్ ఇల్లు మాత్రం సరిగ్గా ఆ అలలోదే.

కాబట్టి ఇక్కడ నెగడు హాలు లేదు. ఇల్లు ఇంగ్లీషు ‘టి’ అక్షరం ఆకారంలో ఉంటుంది. ముందు వరసలో హాలు, పార్లర్ అనే మర్యాదగది. వెనక్కి సాగిన భాగంలో వంట, ఇతర పనులు. పైన పడకగదులు. పొయ్యి ఉన్న ప్రతి గదికీ వెచ్చదనంతో పాటు ఒక హోదా. ప్రభుత్వం కూడా ఆ హోదాను గమనించింది. 1662లో పొయ్యి పన్ను వేసింది. ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. వసూలుకు వచ్చినవాడు ఇంట్లోకి దూరి పొయ్యిలు లెక్కపెట్టేవాడు. జనం ఎంత తిట్టుకున్నారంటే 1689లో దాన్ని ఎత్తేయాల్సి వచ్చింది. ఆ లెక్కల కాగితాలు ఇవాళ చరిత్రకారులకు బంగారుగని. ఎవరింట్లో ఎన్ని పొయ్యిలో చూసి ఊరంతటి ఆర్థికస్థితి చెప్పేస్తారు.

ఇంత రాతి ఇల్లైనా పశువులకు ఇందులో చోటు లేదు. వాటి కొట్టాలు వేరు. అప్పటి ఇంగ్లండులో అన్ని చోట్లా అలా లేదు. నైరుతి మూల డార్ట్‌మూర్‌లో గ్రానైటు రాతితో కట్టిన ‘లాంగ్‌హౌస్’లు ఉన్నాయి. ఒకే పొడుగాటి కప్పు కింద ఎగువ భాగాన మనుషులు, దిగువ భాగాన పశువులు. ఇద్దరికీ ఒకే దారి. నేల వాలుగా ఉంటుంది, పేడా మూత్రం మనుషుల వైపు రాకుండా. ఉత్తరాన స్కాట్లండ్ సరిహద్దులో భయం వేరు. రాత్రిపూట పశువులను తోలుకుపోయే దోపిడీ ముఠాలు. అక్కడి ‘బాసల్’ ఇళ్లలో గోడలు మీటరు మందం దాటేవి. కింద పశువులు, పైన కుటుంబం. నిచ్చెన ఎక్కి లోపలికి పోయి, నిచ్చెనను పైకి లాక్కునేవారు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని ట్రౌట్‌బెక్ పల్లెలో ‘టౌన్‌ఎండ్’ అనే రైతు ఇల్లు ఇంకో రకం. 1626 నాటిది. పలకరాతి ముక్కల గోడలకు వెల్ల వేసి, గుండ్రటి పొగగొట్టాలు నిలిపారు. బ్రౌన్ అనే ఒకే కుటుంబం 1943 దాకా అందులో కాపురముంది. వీటి పక్కన పెడితే వూల్స్‌థార్ప్‌లో భయమూ లేదు, ఇరుకూ లేదు. ఉన్ని డబ్బు తెచ్చిన నిబ్బరం కనిపిస్తుంది.

కిటికీల సంగతి వేరే చెప్పుకోవాలి. పెద్ద అద్దం పలక చేయడం ఆ రోజుల్లో చేతకాదు. అరచేతి వెడల్పు ముక్కలను సీసపు పట్టీలతో కలిపి తడకలా అల్లేవారు. గాలికి ఆ తడక వంగిపోకుండా కిటికీని నిలువు రాతికమ్ములతో రెండుగా, మూడుగా విడగొట్టేవారు. కిటికీ పైన గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతిపట్టీ వాననీటిని పక్కకు తోసేస్తుంది. లోపలివైపు చెక్క తలుపులు. 1696లో కిటికీలకూ పన్ను పడింది. న్యూటన్ లండన్‌లో టంకశాల ఉద్యోగానికి వెళ్లిన ఏడాదీ అదే. ఆ పన్ను 1851 దాకా నడిచింది. తప్పించుకోవడానికి ఎంతోమంది కిటికీలను రాళ్లతో మూసేశారు. పాలగదికీ, జున్నుగదికీ మినహాయింపు దొరికింది. అందుకే కొన్ని పాత రైతు ఇళ్లలో ఇప్పటికీ కిటికీ మీద ‘డెయిరీ’ అనో ‘చీజ్ రూమ్’ అనో రాసి కనిపిస్తుంది. పన్నువాడి కోసం రాసిపెట్టిన చీటీ అది.

న్యూటన్‌కు మూడేళ్లప్పుడు, 1646లో, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని పక్కూరు నార్త్ విథమ్ చర్చి మతాధికారి బార్నబస్ స్మిత్ ఇంటికి వెళ్లిపోయింది. పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఈ ఇంట్లో మిగిలాడు. స్మిత్ ఈ ఇంటికి మరమ్మతులు చేయించాడని జీవితచరిత్రకారులు రాశారు. పిల్లాడికి ఆ కృతజ్ఞత ఏమీ లేదు. పందొమ్మిదేళ్ల వయసులో తన పాపాల చిట్టా రాసుకుంటూ, సవతి తండ్రినీ తల్లినీ ఇంటితో సహా తగలబెడతానని బెదిరించిన సంగతి అందులో పెట్టాడు.

1659లో బడి మాన్పించి వ్యవసాయంలో పెట్టారు. ఫలితం మేనర్ కోర్టు కాగితాల్లో ఉంది. ఆ ఏడాది అక్టోబరులో, గొర్రెలను అదుపు లేకుండా వదిలినందుకు 3 షిల్లింగుల 4 పెన్నీలు, పందులు చేలో పడ్డందుకు ఒక షిల్లింగు, దడి బాగుచేయనందుకు మరో షిల్లింగు జరిమానా. మందను పెంచి ఇల్లు నిలబెట్టిన వంశంలో మందను కాయలేనివాడు పుట్టాడు. మరుసటేడు తిరిగి బడికి, 1661లో కేంబ్రిడ్జికి పంపేశారు. ఊరికి మంచే జరిగింది.

1665లో ప్లేగు వచ్చి విశ్వవిద్యాలయం మూతపడ్డాక మళ్లీ ఈ ఇంటికే వచ్చాడు. తర్వాతి ఏడాదిన్నరకు పైగా కాలంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపాడు. ఇంటి చరిత్రలో గోడలు, కిటికీ తలుపులు విజ్ఞానశాస్త్రానికి పనికొచ్చాయని చెప్పే కాలం ఇది. కిటికీ తలుపులో చిన్న రంధ్రం చేసి, దానికి అడ్డంగా గాజుపట్టకం పెట్టి, 22 అడుగుల దూరంలో ఉన్న గోడ మీద రంగులు పడేలా చేశానని 1672లో రాయల్ సొసైటీకి రాసిన లేఖలో న్యూటన్ వివరించాడు. గుండ్రటి రంధ్రంలోంచి వచ్చిన వెలుగు గోడ మీద గుండ్రంగా పడకుండా పొడుగ్గా సాగింది. వెడల్పుకు దాదాపు అయిదింతల పొడవు. ఆ గది వూల్స్‌థార్ప్‌దా, కేంబ్రిడ్జిదా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా వాదనే. ఇల్లు చూపించేవాళ్లు మాత్రం మేడమీది గదిలో ఆ ప్రయోగాన్ని చూపిస్తారు. అలాంటి పనికి ఈ ఇల్లు బాగా సరిపోతుందని ఒప్పుకోవాలి. మందపు గోడ, లోతైన కిటికీ, గట్టి చెక్కతలుపు. అవి మూస్తే పట్టపగలు కూడా గది చీకటి.

న్యూటన్ స్నేహితుడు, పురాతన కట్టడాల పిచ్చి ఉన్న వైద్యుడు విలియం స్టూక్లీ 1721లో ఇక్కడికొచ్చి ఇంటి బొమ్మ గీసుకున్నాడు. మేడమీద న్యూటన్ చదువుగది చూశాడు. పుస్తకాల అరలు న్యూటన్ స్వయంగా చేసుకున్నవేనని, సామాన్లు పంపించిన చెక్కపెట్టెల పలకలతో తయారైనవని గమనించాడు.

ఆ తర్వాత ఇల్లు చేతులు మారి రెండు శతాబ్దాలకు పైగా కౌలుదార్ల కాపురంలో ఉంది. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంస్థ చూసుకుంటోంది. మధ్యలో గోడలకు పూసిన పూతలు, అంటించిన కాగితాలు తీసేస్తున్నకొద్దీ కింద గార మీద గీతలు బయటపడ్డాయి. వృత్తాలు, చర్చి లాంటి బొమ్మలు. 2017లో నాటింగ్‌హమ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోడ మీదికి రకరకాల కోణాల్లో దీపాలు వేసి, ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కలిపి చూశారు. హాల్లో పొయ్యి పక్కన కంటికి ఆనని ఒక గాలిమర బొమ్మ తేలింది. న్యూటన్ చిన్నప్పుడు గ్రాంథమ్ దగ్గర కొత్తగా కడుతున్న గాలిమరను చూసి బొమ్మమర చేశాడని స్టూక్లీ రాశాడు. ఆ బొమ్మ గీసింది న్యూటనేనని సంతకం లేదు. ఊహ మాత్రం అటే పోతుంది.

ఆ గార ఇంతకాలం నిలవడానికి కారణం సున్నం. రాళ్ల మధ్య అతుకూ సున్నమే. అది గాలి పీల్చుకుంటుంది. గోడలోకి చేరిన తడి అతుకుల్లోంచే బయటకు పోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో బాగుచేస్తున్నామనుకుని చాలా పాత ఇళ్లకు సిమెంటు అతుకులు పెట్టారు. సిమెంటు తడిని దాటనివ్వదు. నీళ్లకు రాయి ఒక్కటే దారి మిగిలింది. చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి రాయి ముఖాన్నే పగలగొట్టాయి. గోడ మొత్తం కరిగి, సిమెంటు గీతలు మాత్రం గూడులా బయటికి పొడుచుకొచ్చిన ఇళ్లు ఈ రాతి పట్టీ పొడవునా కనిపిస్తాయి. మంచి మేస్త్రీ ఇవాళ చేసే మొదటి పని ఆ సిమెంటును ఓపిగ్గా ఉలితో తీసి మళ్లీ సున్నం కూరడం.

అదే చలిని మంచి పనికి వాడుకున్న ఊరు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. స్టామ్‌ఫర్డ్ పట్టణానికి దగ్గర్లోని కాలీవెస్టన్‌లో దొరికే సున్నపురాయి పలకలు ఇళ్ల కప్పుకు వాడతారు. చలికాలంలో గనిలోంచి పెద్ద బండలు తీసి నేల మీద పరిచి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ ఉండేవారు. రాత్రి మంచుకు పొరల్లోని తడి గడ్డకట్టి ఉబ్బుతుంది. అలా పదేపదే జరిగితే బండ తనంతట తానే విడిపోవడానికి సిద్ధమవుతుంది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పలకలు. మంచు పడేలోగా బండ ఎండిందా, ఇక ఎన్ని చలికాలాలు గడిచినా చీలదు. పలకలను పరిమాణం ప్రకారం ఏరి, పెద్దవి చూరు దగ్గర, పోయేకొద్దీ చిన్నవి నడికొప్పు దగ్గర పేరుస్తారు. బరువంతా గోడ మీద పడటానికి, కిందికి వచ్చేకొద్దీ పెరిగే వాననీటిని తట్టుకోవడానికి అదే పద్ధతి. ఒక్కో పరిమాణానికి పనివాళ్లు ఒక్కో ముద్దుపేరు పెట్టుకున్నారు. కాట్స్‌వోల్డ్ కొండల్లో ఇలాంటి పలకల్లోనే ఒక సైజుకు ‘బ్యాచిలర్’ అని పేరు.

చలికాలాలు మెత్తబడ్డాయి. గనులు మూతపడ్డాయి. కొన్ని దశాబ్దాల పాటు ఒక కప్పు బాగుచేయాలంటే ఇంకో పాత కొట్టం కప్పు విప్పి తెచ్చుకోవడమే గతి అయింది. 2012, 2013 ప్రాంతాల్లో ఏప్‌థార్ప్ అనే పాత రాజభవనం కప్పు కోసం ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ, షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం కలిసి ఒక పరీక్ష చేశాయి. తడిపిన బండలను ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించడం, తీసి కరగనివ్వడం, మళ్లీ పెట్టడం. ఒక చలికాలమంతా పట్టే పని కొన్ని వారాల్లో తేలింది. కాలీవెస్టన్‌లో గని మళ్లీ తెరిచారు. చలి ఇప్పుడు కరెంటుతో వస్తోంది. చీలిన పలక అంచులు చెక్కి, పైన మేకు కోసం రంధ్రం పొడిచే పని మాత్రం ఇప్పటికీ చేత్తోనే జరుగుతోంది.